చెప్పులు వెతుక్కోనివ్వలేదు

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. మే నెల మిట్టమధ్యాహ్నం, కాళ్ళకు చెప్పులు లేని నా భార్యను కోదాడ రోడ్డు మీద వెనక వదిలేసి బస్సెక్కాను. ఎక్కి ఊరుకోలేదు. ఆ బస్సు కండక్టర్ నాకు బాగా తెలిసినవాడు. "వదినె రాలేదా అన్నా?" అని అడిగాడు. "వెనక బస్సుకు వస్తది లే" అని చెప్పి, అతని భుజం మీదుగా చెయ్యి చాచి బెల్లు తాడు నేనే లాగాను. రెండుసార్లు. బస్సు కదిలింది.

నేనూ కండక్టర్‌నే, మిర్యాలగూడ డిపోలో. ఒక బెల్లు కొడితే బస్సు ఆగాలి, రెండు కొడితే పోవాలి. సంచి ఎత్తుకుని పరుగెత్తుకొస్తున్న వాళ్ళను అద్దంలో చూస్తూ కూడా డబుల్ బెల్ కొట్టిన రోజులున్నాయి. అది ఉద్యోగం, టైముకు పోవాలి. కానీ ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. ఆ రోజు తాడు లాగింది కసి.

ఆ కసికి అప్పటికి పన్నెండేళ్ళు. మా అమ్మాయి వయసే దానిదీ.

ఎనభైల నడుమ, అమ్మాయి కడుపులో ఉండగా, నా భార్యకు షుగర్ అన్నారు. ఆమె పుట్టిల్లు కోదాడ, మా ఇల్లు మిర్యాలగూడ. కానుపులకు పేరున్న డాక్టరమ్మ సూర్యాపేటలో ఉండటంతో అక్కడ చూపించేవాళ్ళం. ఏడో నెలలో పోయినప్పుడు గాజు గొట్టంలో నీలం మందు పోసి, దాంట్లో మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచారు. ఆ నీలం నా కళ్ళ ముందే ఆకుపచ్చకు తిరిగి, పసుపుకు తిరిగి, చివరకు ఇటుక రంగులో నిలిచింది. ఆ పని చేసే అతను గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, డాక్టరమ్మ గదిలోకి తీసుకుపోయాడు.

అన్నం తగ్గించమన్నారు, జొన్నరొట్టె తినమన్నారు, రోజూ ఇన్సులిన్ సూది అన్నారు. అప్పట్లో ఆ సీసాలు మిర్యాలగూడలో కావాలన్నప్పుడు దొరికేవి కావు. నా బామ్మర్దికి కోదాడలో మందుల షాపు ఉంది. నా భార్య తమ్ముడు, అప్పటికింకా పెళ్ళి కాలేదు. ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి, సీసా ముంచి, హుజూర్‌నగర్ మీదుగా బస్సులో తెచ్చి ఇచ్చేవాడు. వచ్చినప్పుడల్లా "అక్కా, ఏం తిన్నావు? ఎన్నింటికి తిన్నావు?" అని అడిగేవాడు. నేను పక్కనే ఉండేవాణ్ణి, నన్ను అడిగేవాడు కాదు. అడిగినా చెప్పగలిగేవాణ్ణి కాదు. నాకు అతని మీద మంట అక్కడ మొదలైంది. అప్పుడు దానికి వేరే పేర్లు పెట్టుకున్నాను.

అమ్మాయి నాలుగు కిలోల పైన పుట్టింది. ఆయాలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసిపోయారు. కానుపయ్యాక షుగర్ దిగిపోయింది. పంపించే రోజు డాక్టరమ్మ నన్నూ, బామ్మర్దినీ గదిలోకి పిలిచింది.

"దిగింది కదా అని మర్చిపోవద్దు," అంది. "గర్భంతో షుగర్ వచ్చిన ఆడవాళ్ళకు అది తర్వాత మళ్ళీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. చప్పుడు చెయ్యకుండా వస్తది. గుండె, కాళ్ళు, అన్ని చోట్లా రక్తనాళాలు ముందే పాడయితయి. ఏడాదికొకసారి రక్తం పరీక్ష చేయించండి. జీవితాంతం."

ఇద్దరం తలూపాం.

ఇరవై ఒకటో రోజు కోదాడలో తొట్టెల వేడుక చేశారు. భోజనాల బంతిలో మా అమ్మ నా పక్కన కూర్చుంది. కూర వడ్డించేవాళ్ళకు వినబడేటట్టే అంది: "మా ఇంట్ల షుగరు పేరు ఎవ్వలెరుగరు. పెండ్లికి ముందే ఉన్నదేమో. చెప్పకుండ చేసిండ్రు."

బామ్మర్ది చేతిలో పప్పు గిన్నె ఉంది. "దాచిపెట్టడానికి అదేమన్నా బంగారమా అత్తయ్యా?" అన్నాడు నవ్వుతూనే. "నెల తప్పిన కాడ్నించి మీరు పోసిన పాయసాలు మేం చూడలేదా? సరే, గొడవెందుకు. ఏడాదికోసారి పరీక్ష నేనే చేయిస్తాను. బావకు డబుల్ బెల్ కొట్టడం తప్ప ఏం తెలుసు పాపం."

బంతి బంతంతా నవ్వింది. మజ్జిగ పోసే పిల్ల నవ్వి నా ఆకు పక్కన నేల మీద పోసింది. నేనూ నవ్వాను. నవ్వక తప్పదు కాబట్టి నవ్వాను. తర్వాత పన్నెండేళ్ళు నన్ను కాల్చింది ఎదుటివాళ్ళ నవ్వు కంటే ఆ నా నవ్వే.

కసి తీర్చుకోవడానికి నాకు పెద్ద ఆయుధం అక్కర్లేకపోయింది. అతనికి ఏం కావాలో అది జరగనివ్వకపోతే చాలు. అతనికి కావలసింది ఒక్కటే, వాళ్ళక్కకు పరీక్ష.

మొదటి ఏడాది తిరిగేసరికి కబురు వచ్చింది, అక్కను పంపమని. "పరీక్షకైతే పోవద్దు," అన్నాను.

"ఒళ్ళు నాది. మీకెందుకు కోపం?" అంది నా భార్య.

"మీ తమ్ముడు చేయించే పరీక్ష మనకొద్దు."

"అయితే మీరే చేయించండి."

"మంచిగనే ఉన్నవ్ గద. నీకేం రోగమొచ్చింది?"

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను చేయించవచ్చు. డిపో నుంచి నాలుగడుగులు వేస్తే రక్తం పరీక్ష చేసే షాపు ఉంది. చేయిస్తే అతను చెప్పింది విన్నట్టవుతుంది, అతను గెలిచినట్టవుతుంది. ఏటా నా ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగేది. నా భార్య ఆరోగ్యం గురించి ఆలోచిస్తున్నానని అనుకునేవాణ్ణి. నిజానికి బామ్మర్ది గురించే ఆలోచించేవాణ్ణి.

ఒకసారి అతను నా బస్సే ఎక్కాడు. హుజూర్‌నగర్‌లో ఎక్కి, నా పక్కన నిలబడి, "బావా, రెండు మాటలు మాట్లాడాలి," అన్నాడు.

"టికెట్ తీస్కో."

"తీసుకుంటాను. అక్క సంగతి..."

"యాడికి?"

"నీతో మాట్లాడి ముందు ఊళ్ళో దిగిపోతాను, అక్కడిదాకా ఇవ్వు."

టికెట్ చింపి ఇచ్చి బస్సు వెనక చివరికి వెళ్ళిపోయాను. అతను దిగాల్సిన ఊరు వచ్చింది. తాడు నా చేతిలోనే ఉంది. కొట్టలేదు. "ఆపు బావా, ఆపు," అంటున్నాడు. చిల్లర లెక్క పెట్టుకుంటున్నట్టు తల వంచుకున్నాను. తర్వాతి స్టేజీలో, చెట్టూ చేమా లేని చోట, ఎండలో దింపాను. అతను కింద నిలబడి నన్ను చూశాడు. తిట్టలేదు. నేను డబుల్ బెల్ కొట్టాను. ఆ రాత్రి అన్నం ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. వడ్డించింది నా భార్యే.

ఏళ్ళు గడిచాయి. ఆమె సన్నబడింది. నీళ్ళు ఎక్కువ తాగేది, వంటింట్లో చెంబు పక్కనే ఉండేది. తర్వాత ఆగడం మొదలైంది. బస్టాండు నుంచి మా ఇంటికి పెద్ద దూరం లేదు. నేను ముందు నడిచేవాణ్ణి, ఆమె వెనక. కొంత దూరం వచ్చాక వెనక్కి చూస్తే ఉండేది కాదు. గాజుల షాపు ముందు నిలబడి ఉండేది. ఇంకొంచెం నడిచాక గిన్నెల షాపు ముందు. ఒకరోజు సైకిల్ షాపు ముందు నిలబడి వేలాడదీసిన టైర్లను చూస్తూ ఉంది. టైర్లు చూసే ఆడమనిషిని నేనెక్కడా చూడలేదు.

"ఏంది, సైకిల్ కొంటవా?" అన్నాను.

"పిక్కలు పట్టేస్తున్నాయి. కాసేపు ఆగితే తగ్గుతుంది."

"ఆగితే తగ్గే రోగం యాడుంటది? దాన్ని బద్ధకమంటరు. నడువ్."

ఆమె నడిచింది. మళ్ళీ ఆగింది. తమ్ముడి ఇంటికి పంపడం లేదని నా మీద పగబట్టి, నలుగురిలో నన్ను నిలబెడుతోందని నమ్మాను. నాకు పగ తప్ప వేరే కారణాలు తోచని కాలం అది.

కోదాడలో బామ్మర్ది ఇల్లు కట్టుకున్నాడు. తొంభైల నడుమ, మే నెలలో గృహప్రవేశం. కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఆడపడుచే, అందుకని నా భార్య పోక తప్పదు. ఆమెతో నేనూ పోక తప్పదు. మా అమ్మ ఆ గడప తొక్కనంది, అమ్మాయిని తన దగ్గరే ఉంచుకుంది. పోయే ముందు రోజు నుంచే నేను ఒక అవకాశం కోసం చూస్తున్నాను. ఏం చేస్తానో తెలియదు. ఏదో ఒకటి చేసి, అతని ఇంటి పండుగలో అతని నోట్లో మన్ను కొట్టాలి. అంతవరకే తెలుసు.

పాలు పొంగాయి. నా భార్య పొయ్యి దగ్గర కూర్చుని లేవడానికి గోడ పట్టుకుంది. నేను చూశాను. బామ్మర్దీ చూశాడు. భోజనాలకు కూర్చున్నప్పుడు వచ్చి నా ముందు వంగి నెయ్యి వేస్తూ, "బావా, అక్క బాగా తగ్గిపోయింది," అన్నాడు. "వాకిట్లోంచి లోపలికి రావడానికి రెండుసార్లు ఆగింది. రేపు ఉదయం పరగడుపున రక్తం ఇచ్చి వెళ్ళండి. కాదనవద్దు."

"మేం సాయంత్రం పోతం."

పక్కనున్న వాళ్ళ చిన్నాన్న, పాత సంగతి గుర్తుంచుకున్నాడో ఏమో, "ఆయనది డబుల్ బెల్ యవ్వారం లేరా, ఆగడు," అన్నాడు. అటూ ఇటూ నవ్వారు. బామ్మర్ది నవ్వలేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు ఎవరి ముఖం వంకా నేను చూడలేదు. పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన అవకాశం నా ఆకులోకే వచ్చి పడింది.

కలిపిన ముద్ద వదిలేసి లేచాను. గృహప్రవేశం రోజు ఇంటల్లుడు సగం ఆకు మీద నుంచి లేచిపోవడం ఎంత పెద్ద మాటో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. బంతంతా చప్పబడింది. బామ్మర్ది ముఖం తెల్లబోయింది. ఆహా అనిపించింది.

"నడువ్, పోదాం," అన్నాను నా భార్యతో. ఆమె ఇంకా తినలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వద్దని చెప్పి చూసింది, బామ్మర్ది భార్య నా చెయ్యి పట్టుకుంది. నేను వినలేదు. గుమ్మం ముందు ఇసుక మీద వచ్చినవాళ్ళ చెప్పులన్నీ కుప్పగా పడి ఉన్నాయి. ఆమె వంగి వెతుకుతోంది.

"నా చెప్పులు కనపడట్లేదు. ఒక్క నిమిషం."

ఒక్క నిమిషం ఆగితే బామ్మర్ది వచ్చి బతిమాలుతాడు. బతిమాలితే నా కోపం చల్లబడాలి. నాకు చల్లబడటం ఇష్టం లేదు. "కొత్తవి కొనిస్త, నడువ్," అని రోడ్డెక్కాను.

తారు మెత్తబడి ఉంది. నేను చెప్పులతో నడుస్తుంటేనే వేడి తగులుతోంది. కొంత దూరం పోయాక, "మీరు పోతా ఉండండి, నేనొస్తా," అని వెనక నుంచి వినిపించింది. తిరిగి చూశాను. ఆమె ఒక సోడా బండి పక్కన, కర్రకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. బండి నీడ ఆమె తల మీద పడుతోంది, కాళ్ళ దగ్గరికి రావడం లేదు.

ఇక్కడ నేను చూసింది ఒకటి చెప్పాలి. అలాంటి రోడ్డు మీద ఒట్టి కాళ్ళతో నిలబడితే ఎవరైనా ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ గంతులు వేస్తారు. ఆమె వెయ్యడం లేదు. రెండు పాదాలూ తారు మీద ఆనించి, చల్లటి బండ మీద నిలబడ్డట్టు నిలబడింది. నేను స్పష్టంగా చూశాను. ఆ పాదాలకు వేడి తెలియడం లేదని నాకు తోచలేదు. ఎంత మొండిది అనుకున్నాను. తమ్ముడు వచ్చి వెనక్కి తీసుకుపోతాడని ఆగింది, ఇద్దరూ కలిసి నా మీద గెలవాలని చూస్తున్నారు అనుకున్నాను.

బస్సు కనపడింది. ఎక్కాను. ఆ తర్వాత చేసింది మొదట్లోనే చెప్పాను.

హుజూర్‌నగర్ దాకా నాకు చాలా హాయిగా ఉంది. కిటికీ గాలికి చొక్కా గుండీలు విప్పుకుని కూర్చున్నాను. అతని కొత్తింట్లో నా సగం ఆకు అలాగే ఉంటుంది, ఎవరు తీస్తారో అనుకుంటూ లోపల్లోపల నవ్వుకున్నాను. ఇంటికి పోయేసరికి అమ్మాయి గుమ్మంలో కూర్చుని ఉంది. నా వెనక చూసి, "అమ్మేది?" అంది. "మీ మామ ఇంట్ల ఉంది," అన్నాను. నా చేతుల వంక చూసింది. సంచి కూడా నా దగ్గర లేదు.

మూడో రోజు కోదాడ బస్సు కండక్టర్ డిపోలో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "అన్నా, మీ బామ్మర్ది కబురు చెప్పమన్నడు. వదినెను సూర్యాపేట దవాఖానకు తీస్కపోయిండ్రంట. నిన్ను రమ్మన్నడు." ఆ రోజు నేను బెల్లు కొట్టిన బస్సు కండక్టరే అతను. చెప్పి, నా కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఏం జరిగిందో బామ్మర్ది భార్య చెప్పింది. నా భార్య ఆగుతూ ఆగుతూ, అదే రోడ్డు మీద వెనక్కి కొత్తింటికి నడిచి వచ్చింది. ఎవరితోనూ ఏమీ అనకుండా మిగిలిన గిన్నెలు సర్దింది. సాయంత్రం బామ్మర్ది భార్య కొత్త నేల మీద తడి అడుగులు చూసింది. తుడవబోతే గుడ్డకు ఎరుపు అంటింది. ఎవరికి తెగిందో అని అందరి కాళ్ళూ చూస్తే, నా భార్య అరికాళ్ళు బొబ్బలెత్తి చిట్లి ఉన్నాయి. ఆమెకు తెలియనే తెలియదు. రెండో రోజుకు కుడికాలి వేలు రంగు మారింది. మూడో రోజుకు నల్లబడింది. మెట్టె ఉన్న వేలు.

సూర్యాపేటలో కానుపు చేసిన డాక్టరమ్మే కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. పాత సంగతి నా భార్య చెప్పగా విని, రక్తం పరీక్ష చీటీ పక్కన పెట్టి, నన్ను అడిగింది: "ఏడాదికోసారి పరీక్ష చేయించమన్నాను. చేయించారా?"

మంచం మీద నుంచి నా భార్య అంది, "ఒక్కసారీ లేదమ్మా."

సర్జన్‌ను పిలిపించారు. ఆయన ఆమె పాదాన్ని చాలాసేపు తడిమి చూసి, నన్ను స్టూలు మీద కూర్చోమని, "చెప్పు విప్పండి," అన్నాడు. నా చూపుడు వేలు పట్టుకుని నా పాదం పైన ఒకచోట ఆనించాడు. "తెలుస్తోందా?" తెలుస్తోంది. చిన్నగా, ఆగకుండా కొట్టుకుంటోంది. అంతవరకు నా పాదంలో నాడి ఉంటుందని నాకు తెలియదు. తర్వాత అదే వేలు తీసి ఆమె పాదం మీద పెట్టాడు. చల్లగా ఉంది. వేలు అటూ ఇటూ జరిపాను. గోడ మీద వేలు పెట్టినట్టే ఉంది.

"నాళం లోపలి గోడలు పూడుకుపోయాయి," అన్నాడు. "ఇది మూడు రోజుల్లో అయింది కాదు. కానుపు తర్వాత ఎప్పుడో షుగర్ తిరిగొచ్చింది, చూసినవాళ్ళు లేరు. బీపీ కూడా ఉంది. అవి రెండూ లోపల పని చేసుకుంటూ పోయాయి. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గేదట కదా. మీరు గమనించలేదా?"

"గమనించిన సార్," అన్నాను. ఏమనుకున్నానో చెప్పలేదు.

వేలు తీసేయాలన్నాడు. ఆ గాయం మానితే సరే. రక్తం అందక మానకపోతే పాదం, తర్వాత ఇంకా పైకి. హైదరాబాద్ తీసుకుపోయి నాళాల పరీక్ష చేయించి రమ్మన్నాడు.

బయట వరండాలో బామ్మర్ది ఉన్నాడు. అప్పుడైనా నేను మనిషిలా మాట్లాడి ఉండాల్సింది. నోట్లోంచి వచ్చింది మాత్రం పాత విషమే. "చెప్పులు లేకుండ మీ ఇంట్ల నుంచి పోతుంటే చూసుకుంట నిలవడ్డవా? నీ అక్క గాదా?"

అతని చేతిలో ఫ్లాస్కు ఉంది. ఆ పాతదే, మూత పగిలితే దారం కట్టాడు. దాన్ని బెంచీ మీద జాగ్రత్తగా పెట్టాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండు అనిపించింది, మళ్ళీ పోట్లాటలో పడిపోవచ్చు.

"నిన్నటిదాకా నిన్ను కొట్టాలనే ఉండింది బావా," అన్నాడు. "డిపోకు వచ్చి నలుగురిలో కొడదామనుకున్నాను. ఇప్పుడు నేను కొట్టను. నిన్ను అక్కకు వదిలేస్తున్నాను. ఆమె ఏం చేస్తే అది పడు."

హైదరాబాద్‌లో చెప్పింది కొంత నయం. పెద్ద నాళం మూసుకుపోయినా, పక్క నాళాల గుండా కొంచెం రక్తం పోతోందన్నారు. హైవే మూసేస్తే ఊళ్ళ మీదుగా తిరిగిపోయే బస్సుల్లా ఉందని నాకు నేను అర్థం చెప్పుకున్నాను. సూర్యాపేటలో వేలు తీసేశారు. గాయం మానుతుందా లేదా అని రోజూ కట్టు విప్పేటప్పుడు పక్కనే నిలబడేవాణ్ణి. వారాలు పట్టింది. ఆ వారాలన్నీ ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఒకరోజు అందరి ముందూ ఒక్కసారి నోరు విప్పింది. మా అమ్మ చూడటానికి వచ్చి, కట్టు చూసి ఏడుస్తూ, "అయ్యో బిడ్డా, ఇగ మెట్టె ఏ వేలుకు పెట్టుకుంటవే?" అంది.

"మీ కొడుకున్నడు గదా అత్తమ్మా," అంది నా భార్య. "ఆయన వేలికి పెట్టండి."

బామ్మర్ది ముఖం అటు తిప్పుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని భుజాలు చెప్పాయి. ఈసారి నేను నవ్వలేదు. కసీ రాలేదు. రావాల్సిన చోట ఖాళీగా ఉంది.

గాయం మానింది. పాదం దక్కింది. పంపించేటప్పుడు సర్జన్ మాత్రలు రాసి, పొగాకు తాకవద్దని, ఎప్పుడూ ఒట్టి కాళ్ళతో తిరగవద్దని, ఇన్సులిన్ మానవద్దని చెప్పాడు. ఆఖర్న, "రోజూ నడవాలి," అన్నాడు. "నొప్పి వచ్చేదాకా నడవండి. రాగానే ఆగండి. తగ్గాక మళ్ళీ నడవండి. అలా చేస్తే సన్న నాళాలు పెరిగి దారి చేసుకుంటాయి. ఆగడం కూడా వైద్యమే."

సూర్యాపేట బస్టాండులో మిర్యాలగూడ బస్సు వచ్చింది. సీటు పట్టుకోవాలని అలవాటు కొద్దీ ముందుకు ఉరికాను.

"ఆగండి."

ఆగాను.

"మీ ఇద్దరి పంతానికి నా కాలు దొరికింది," అంది. గొంతు పెంచలేదు. "వాణ్ణి తర్వాత అడుగుతాను, ముందు మిమ్మల్ని. ఇకనుంచి నేను ముందు, మీరు నా వెనక. నేను ఆగితే ఆగాలి. నడిస్తే నడవాలి. నడువ్ అన్న మాట మీ నోట వినిపించిందో, అక్కడి నుంచే కోదాడ బస్సెక్కుతాను. మళ్ళీ రాను."

"ఎన్ని రోజులు?"

"పన్నెండేళ్ళు."

నేను తలూపాను. మొదటి బస్సు వెళ్ళిపోయింది. రెండో దాంట్లో ఇంటికి వచ్చాం.

కోదాడకు నేనొక్కణ్ణే పోయాను. బామ్మర్ది మందుల షాపులో రద్దీగా ఉంది. కౌంటర్ పక్క నుంచి లోపలికి పోబోతే, "లైన్లో రా బావా," అన్నాడు తల ఎత్తకుండా. వెనక్కి పోయి నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఇంకెవరో వచ్చారు, వాళ్ళకు ముందు ఇచ్చాడు. తర్వాత మరొకరికి. ఎండలో దింపిన స్టేజీ గుర్తుంది నాకు. చివరకు, "ఏం కావాలి?" అన్నాడు.

"మీ అక్క పరీక్ష ఎప్పుడు చేయించాలో చెప్పు. నేనే తీసుకొస్త."

అతను షట్టర్ సగం దించి, ఇంటికి తీసుకుపోయాడు. బామ్మర్ది భార్య ఆకు వేసింది. ఆ ఆకులో మెతుకు మిగల్చకుండా తిని లేచాను. క్షమించమని నోటితో అడగడం ఆ రోజుకు చేతకాలేదు. ఇంకోసారి పోయినప్పుడు అడిగాను. "సరేలే," అన్నాడు. దాంతో సరిపోయిందని నేను అనుకోవడం లేదు.

ఇంట్లో నాకు రెండు పనులు పడ్డాయి. ఆమె కాళ్ళు కడుక్కునే నీళ్ళ వేడి ముందు నా మోచేత్తో చూడటం ఒకటి, ఎందుకంటే ఆమె పాదానికి వేడి తెలియదు. పొద్దుగూకే ముందు వాకిట్లో కూర్చోబెట్టి రెండు అరికాళ్ళూ వెలుతురులో చూసి, ఎక్కడైనా గీత పడిందా, కమిలిందా అని వెతకడం రెండోది. అమ్మాయికి అన్నీ చెప్పాము. రేపు పెళ్ళయి కడుపుతో ఉన్నప్పుడు ముందుగా చేయించుకోవాల్సిన పరీక్ష ఏదో పాఠం లాగా అప్పజెప్పేది.

నడకే కష్టంగా ఉండేది. నా ఊళ్ళో, నా బస్సులు తిరిగే రోడ్డు మీద, ఆమె ముందు, నేను వెనక. మొదట్లో తల దించుకుని నడిచేవాణ్ణి. ఆమె సైకిల్ షాపు ముందు ఆగేది. నేనూ ఆగి టైర్లు చూసేవాణ్ణి. "ఏం కావాలె అన్నా?" అనేవాడు షాపతను. "ఏం లేదు, నిలవడ్డం," అనేవాణ్ణి.

కొన్ని నెలలకు ఆమె ఆగే చోట్లు దూరం దూరం అయ్యాయి. గాజుల షాపు దాటిపోయేది, గిన్నెల షాపు దాటిపోయేది. ఒకరోజు సైకిల్ షాపు కూడా ఆగకుండా దాటి, సరిగ్గా డిపో గేటు ముందు ఆగింది. పక్కన టీ హోటల్ నిండా నా తోటి కండక్టర్లు, డ్రైవర్లు. నొప్పితో ఆగినప్పుడు ఆమె కింది పెదవి బిగుసుకుంటుంది, నాకు బాగా తెలుసు. అప్పుడు బిగుసుకోలేదు. నెమ్మదిగా కొంగు సర్దుకుంది. జడ ముందుకు వేసుకుంది. గేటు పైన రాసిన అక్షరాలన్నీ చదివింది. హోటల్లోంచి ఎవరో, "అన్నా, సింగిల్ బెల్ కొట్టిండ్రా?" అన్నారు. పెద్దగా నవ్వారు.

ఆమె వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను.

ఆ రోజు మేం కోదాడకు పరీక్షకు పోతున్నాం. మా బస్సు గేటులోంచి బయటికి వచ్చి మా పక్కనే నెమ్మదించింది. కండక్టర్ మెట్టు మీద నిలబడి, "రా అన్నా, ఎక్కండి, టైమయింది," అని పిలిచాడు. నా భార్య అతని వంక చూడలేదు. గేటు మీది అక్షరాలు మళ్ళీ మొదటి నుంచి చదువుతోంది.

"బెల్లు కొట్టు తమ్మీ, పో," అన్నాను. "మేం వెనక బస్సుకు వస్తం."